పేరుగల పండు: తెల్లద్రాక్ష జాతుల కథ

నూజివీడు ప్రాంతమున ఎండలు ముదిరి మామిడికోత సాగుచున్న దినములలో ఇంటికొక గంప వచ్చినదనుకొనుడు. పెద్దవారు పైనున్న గడ్డిని తొలగించి, ఒక కాయను చేతిలోనికి తీసికొని, వెంటనే దానికి పేరు చెప్పుదురు. ఇది చిన్నరసము, ఇది పెద్దరసము, ఇది చెరుకురసము, ఇది బంగినపల్లి, ఇది కలెక్టరు. పేరు చెప్పుటతోనే దానిని ఏమి చేయవలెనో కూడ చెప్పినట్లగును. రసమును రెండు చేతుల నడుమ మెత్తగా పిసికి, ముచ్చిక త్రుంచి, మొదటి చుక్కను విదిల్చి జుర్రుకొనవలెను. బంగినపల్లిని కత్తితో కోసి ముక్కలుగా తినవలెను. కలెక్టరులో అధికభాగము గుజ్జుతీయు కర్మాగారములకు పోవును. ఆ ఇంట ఎనిమిదేండ్ల పిల్లవాడు సైతము బంగినపల్లిని జుర్రుటకు ప్రయత్నింపడు. ఈ జ్ఞానమును వానికి బడిలో ఎవరును చెప్పలేదు. తోట చెప్పినది, ఇల్లు చెప్పినది.

అదే ఇంటికి ద్రాక్షపండ్లు వచ్చినచో మాత్రము మనము “తెల్లద్రాక్ష”, “నల్లద్రాక్ష” అను రెండు మాటలతో సరిపెట్టుకొందుము. మామిడిని ఉత్త మామిడి అనువానిని చూచి నవ్వుకొను మనము, ద్రాక్ష విషయమున అట్టివారమే అగుచున్నాము. నిజమునకు ద్రాక్షలో పేరుగల జాతులు వేలకొలది కలవు. వానిలో తెల్లని వైనునకు పనికివచ్చు జాతుల చరిత్ర మిక్కిలి చిత్రమైనది. అందు మన తెలుగుదేశపు పుట కూడ ఒకటి కలదు. ఆ చరిత్రను తొలిసారి వినువారికి తెలియునట్లు చెప్పుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. మద్యమును పొగడుట నా పని కాదు. దానిని ముట్టనివారు సైతము దీనిని ఒక పండు కథగా వినవచ్చును. మామిడితోటలో నేర్చిన పాఠమే ఇందులకు కావలసిన ఓనమాలు.

మన సాహిత్యములో ద్రాక్షకు ఎప్పుడును పెద్దపీటయే. అమరకోశము దానికి మృద్వీక, గోస్తని, స్వాద్వి, మధురస అను పర్యాయపదములను చెప్పినది. కావ్యరుచిని నిర్ణయించిన లాక్షణికులు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని విభజించిరి. టెంకాయను పగులగొట్టవలెను, అరటిపండును ఒలువవలెను, ద్రాక్షను నోట వేసికొనుటయే తడవుగా రసము తెలియును. ఇంత మన్నన పొందిన పండు కృష్ణా గోదావరీ తీరములకు సహజమైనది కాదు. సముద్రపు తేమగాలి, వానకాలపు ముసురు ద్రాక్షతీగకు గిట్టవు. ఎండుద్రాక్షయై, మందులలో ద్రాక్షారిష్టమై, పద్యములలో ఉపమానమై అది మనకు దూరదేశమునుండి వచ్చిన చుట్టము.

ఆ దూరదేశమును మన పూర్వులు పేరుతో సహా ఎరుగుదురు. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్రాక్షరసముతో చేసిన పానీయమును మధువని పిలిచి, అది పుట్టిన దేశములనుబట్టి కాపిశాయనము, హారహూరకము అను పేర్లు చెప్పినది. పాణిని తన వ్యాకరణములో కాపిశి అను నగరనామమునుండి “కాపిశాయన” శబ్దము ఏర్పడుటకు ప్రత్యేకముగా ఒక సూత్రమునే రచించెను; వ్యాఖ్యాతలు దానికి అక్కడి మధువును, ద్రాక్షను ఉదాహరణములుగా చూపిరి. కాపిశి నేటి ఆఫ్గనిస్థానములోని బేగ్రాము ప్రాంతము. బనగానపల్లె పేర బంగినపల్లి మామిడి వెలసినట్లే, రెండువేల ఏండ్లకు పూర్వమే కాపిశి పేర ద్రాక్ష వెలసినది. పండును ఊరితో కలిపి పిలుచుట మనకు క్రొత్త కాదు.

ఆ కాపిశికిని పడమరగా, కాకసస్ పర్వతముల దక్షిణమున నున్న జార్జియా దేశములో ద్రాక్షమద్యపు ఆనవాళ్లు గల మట్టికుండల పెంకులు త్రవ్వకములలో దొరకినవి. అవి సుమారు 8000 ఏండ్లనాటివని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ప్రాంతమున మానవుడు కుండచేయుట నేర్చిన కొలదికాలమునకే ద్రాక్షను పులియబెట్టుటయు నేర్చెనన్న మాట.

ఇప్పుడు జాతి అనగా నేమో తెలిసికొందము. చిన్నరసము తిని టెంకను పెరటిలో పాతినచో మొక్క మొలచును. కాని అది చిన్నరసము కాదు. తల్లి గుణము కొంత, ఎక్కడినుండియో వచ్చిన పుప్పొడి గుణము కొంత కలిసి అది క్రొత్త చెట్టగును. పులుపో, పీచో, అదృష్టము బాగున్నచో అమృతమో ఎవరు చెప్పగలరు? అందువలననే తోటమాలి నాటు టెంకనుండి మొలచిన మొక్కకు చిన్నరసపు కొమ్మను అంటుకట్టును. క్రింది వేరు నాటుది. పై కొమ్మ పేరుగలది. ఆ కొమ్మ ఇంకొక చెట్టునుండి వచ్చినది. ఆ చెట్టు మరియొక చెట్టునుండి వచ్చినది. ఇట్లు వెనుకకు పోగా పోగా, ఒకానొక కాలమున ఒకానొక తోటలో తనంతట మొలచిన ఒక్క చెట్టు దగ్గర మనము ఆగుదుము. లోకమున నున్న ఆ జాతి చెట్లన్నియు ఆ ఒక్క చెట్టే. అది చనిపోలేదు, చేయి మారినది.

ద్రాక్ష కూడ ఇట్టిదే. గింజ వేసినచో జాతి నిలువదు. కణుపులు గల కొమ్మముక్కను కోసి నేలలో గ్రుచ్చినచో అదే తీగ మరల చిగుర్చును. నేడు ఐరోపాలోను, ఆస్ట్రేలియాలోను, నాసికలోను పెరుగుచున్న ఒక జాతి తీగలన్నియు వందల ఏండ్ల క్రిందట మొలచిన ఒకే గింజ సంతతి గాక, ఆ గింజనుండి పుట్టిన తీగయొక్క కొనసాగింపులే. కావున జాతి పేరనగా పండుకు అతికించిన చీటి కాదు. తరతరముల మనుష్యులు ఒకరిచేతి నుండి ఒకరందుకొని బ్రదికించిన ఒక ప్రాణికి పెట్టిన పేరు. ఎవరును కోసి నాటకపోయిన నాడు అది ముగియును.

ఇక తెలుపు సంగతి. తెల్లద్రాక్ష నిజమునకు తెల్లనిది కాదు. లేతపచ్చ, పసుపు, తేనెరంగు. ద్రాక్షకు సహజమైన రంగు నలుపే. పండుతొక్కలో నల్లని వన్నెను పుట్టించుటకు రెండు జన్యువులు ప్రక్కప్రక్కన కాపురమున్నవి. ప్రాచీనకాలమున ఎక్కడనో ఆ రెండును చెడి పనిచేయుట మానుటచే రంగులేని ద్రాక్ష పుట్టినది. దానిని ఎవరో చూచిరి, ముచ్చటపడిరి, కొమ్మ కోసి నాటిరి. జపాను, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2004, 2007 సంవత్సరములలో ఈ రహస్యమును బయటపెట్టిరి. తెల్లద్రాక్ష జాతులలో దాదాపు అన్నింటియందును అదే లోపము కానవచ్చుచున్నది. ప్రకృతి చేసిన పొరపాటును మనుష్యుని చేయి సంపదగా మార్చినది.

రంగంతయు తొక్కలోనే యుండుటచేత మరియొక చిత్రము సంభవించును. నల్లద్రాక్షను నొక్కి చూడుడు. పెక్కు జాతులలో లోని రసము తెల్లగనే యుండును. ఎఱ్ఱ వైనుకై రసమును తొక్కలతోపాటు పులియబెట్టుదురు. తెల్ల వైనుకై మొదటనే పిండి, తొక్కలను వేరుచేసి, రసమును మాత్రము పులియబెట్టుదురు. కావున నల్లద్రాక్షనుండి సైతము తెల్ల వైను తీయవచ్చును. ఫ్రాన్సులోని షాంపేన్ సీమలో ‘పినో న్వార్’ అను నల్లద్రాక్షతో అట్లే చేయుచున్నారు. పులియుటలోని కిటుకు మన కల్లుకుండలో నున్నదే: కంటికి కనబడని జీవులు తీపిని తిని మత్తుద్రవ్యమును, నురుగును పుట్టించును.

తెల్లద్రాక్ష జాతులను పోల్చుకొనుటకు మూడు కొలతలు చాలును. అవి మామిడికిని చెల్లును. మొదటిది తీపి: తీపి ఎంతయో, పులిసిన తరువాత మత్తు అంత. రెండవది పులుపు: ఎఱ్ఱ వైనులో తొక్కనుండి వచ్చు వగరు అండగా నిలుచును, తెల్లదానిలో ఆ వగరు ఉండదు గనుక పులుపే దానికి వెన్నెముక. మూడవది వాసన: ఇదే జాతికి ముఖకవళిక. ఈ మూడింటిని వాతావరణము శాసించును. పగటి ఎండ తీపిని పెంచును; రాత్రి చల్లదనము పులుపును కాపాడును. రాత్రులు సైతము వేడిగా నుండుచోట పండు పులుపును త్వరగా పోగొట్టుకొనును. అందుచేతనే తెల్లజాతులలో పేరొందినవానిలో పెక్కింటికి చల్లని సీమలు పుట్టినిండ్లయినవి.

ఈ కొలతలతో అయిదు జాతులను పరిచయము చేసికొందము.

మొదటిది షార్డొనే. ఫ్రాన్సులోని బుర్గుండీ సీమలో ఇదే పేరుగల పల్లె ఒకటి కలదు. ఈ ద్రాక్షకు తనదైన ఘాటువాసన తక్కువ. చల్లని నేలలో నిమ్మవలె పదునుగాను, వెచ్చని నేలలో ముగ్గిన పండువలె మెత్తగాను ఉండును. ఓకు చెక్కపీపాలో ఉంచినచో ఆ చెక్క పరిమళమును గ్రహించును. ఏ ఊరికి తీసికొనిపోయినను ఒదిగిపోవు గుణము గలది గనుక ప్రపంచమంతటను పాకినది.

రెండవది సోవిన్యోన్ బ్లాంక్. దీని ముఖకవళిక పచ్చిదనము. కోసిన గడ్డి, పచ్చి బెంగుళూరు మిరపకాయ వాసన దీనిని పట్టియిచ్చును. ఆ మిరపలో నున్న జాతికి చెందిన సుగంధద్రవ్యమే దీనిలోను కలదు. లోకప్రసిద్ధమైన ‘కాబర్నే సోవిన్యోన్’ అను నల్లద్రాక్షకు ఈ తెల్లద్రాక్షయే ఒక జనని యని 1997లో తేలినది.

మూడవది షెనిన్ బ్లాంక్. ఫ్రాన్సులోని లువార్ నదీతీరము దీని పుట్టిల్లు. పులుపు బాగుగా నిలుచును గనుక తీపిలేని పానీయము మొదలు తేనెవంటి పానీయము వరకు దీనితో చేయుదురు. దక్షిణాఫ్రికాకు పోయి అక్కడ ‘స్టీన్’ అను పేరుతో మూడువందల ఏండ్లు కాపురము చేసెను. స్టీన్, షెనిన్ ఒక్కటే యని 1960 దశకమున గాని స్థిరపడలేదు. ఇందు ఆశ్చర్యమేల? తీరమున బంగినపల్లి యనునది తెలంగాణమున బేనిషాన్ అగుట లేదా? హిమాయత్, ఇమామ్ పసంద్ ఒకే మామిడి కాదా?

నాల్గవది రీస్లింగ్. జర్మనీ దేశపు చలిలోయలలో పెరిగినది. 1435 నాటి ఒక జర్మను ప్రభువు కొట్టు లెక్కలలో ఈ తీగలు కొన్నట్లు వ్రాయబడినది. లెక్కలు వ్రాసిన గుమాస్తా తెలియకయే ఒక జాతి చరిత్రకు సాక్షి యయ్యెను. పూవుల పరిమళము, గట్టి పులుపు దీని గుణములు; ఆ పులుపు బలముననే దీని వైను దశాబ్దముల కొలది నిలువయుండును.

అయిదవది మస్కట్. ఇది ఒక్క జాతి కాదు, ఒక కుటుంబము. సాధారణముగా ద్రాక్ష పులిసిన తరువాత పండు వాసన మారిపోవును. మస్కట్ మాత్రము పానీయమైన తరువాత కూడ ద్రాక్షపండు వాసననే నిలుపుకొనును. ఈ కుటుంబపు చుట్టరికము మన కథలో మరల తగులును గనుక జ్ఞాపకముంచుకొనవలసినది.

ఈ అయిదింటి పేర్లు గొప్పవి. పేరు లేనిదాని కథ ఒకటి చెప్పెదను. మధ్యయుగమున ఐరోపాలో ‘గూయే బ్లాంక్’ అను తెల్లద్రాక్ష ఉండెడిది. కాపు విస్తారము, రుచి సామాన్యము. పేదరైతులు పల్లపుచేలలో పెంచుకొనెడివారు. ప్రభువులు దానిని చులకనగా చూచిరి, కొన్నిచోట్ల నిషేధించిరి. కాలక్రమమున ఫ్రాన్సు పొలములనుండి అది దాదాపు మాయమయ్యెను. 1999లో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షలు జరిపి షార్డొనే తలిదండ్రులెవరో కనుగొనిరి. ఒకరు కులీనమైన పినో. రెండవవారు ఈ గూయే! షార్డొనే ఒక్కటియే కాదు, ఆ దంపతులకు పుట్టిన జాతులు పదహారు ఆ పరీక్షలో బయటపడినవి. రీస్లింగునకు సైతము గూయే ఒక జనకస్థానము. ఈ సంగతి తెలియుటకు కారణమేమి? ఫ్రాన్సు దక్షిణతీరమున వస్సల్ అను చోట ప్రభుత్వ పరిశోధకులు, పనికిరాని జాతులను సైతము వరుసగా నాటి, పేరుపలకలు కట్టి కాపాడుచుండుటయే. ఆ తోటలో గూయే తీగ లేకున్నచో షార్డొనే ఎప్పటికిని తలిదండ్రులెరుగని బిడ్డయే యగును.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ జాతులన్నింటికిని గొప్ప గండము వచ్చినది. అమెరికానుండి ఓడలలో వచ్చిన తీగలవెంట ఫిలాక్సెరా అను పేనువంటి పురుగు ఫ్రాన్సు చేరెను. అది వేళ్లను పట్టి తీగలను ఎండగట్టెను. 1868లో ప్లాంషోన్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును ఇంకను ప్రాణమున్న తీగల వేళ్లపై దానిని గుర్తించిరి. మందులు వేసిరి, చేలను నీట ముంచిరి, ఫలము స్వల్పము. కడకు దొరకిన ఉపాయము నూజివీడు తోటమాలికి చెప్పనవసరము లేనిదే: అంటు. ఆ పురుగుకు ఓర్చుకొను అమెరికా అడవిద్రాక్ష వేరుపై ఐరోపా జాతి కొమ్మను అంటుకట్టిరి. క్రింద నాటువేరు, పైన పేరుగల కొమ్మ! ప్రపంచపు పేరొందిన వైనుతోటలలో అధికభాగము ఈనాటికిని ఆ అంటుపైననే నిలిచియున్నది. మన దేశమునను ఉప్పునేలకు, నీటి ఎద్దడికి ఓర్చుటకై డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరుపై ద్రాక్షను అంటుకట్టుచున్నారు.

ఇక దక్కనుకు వత్తము. పదునాల్గవ శతాబ్దిలో దౌలతాబాదు చూచిన ఇబన్ బతూతా, అచట ద్రాక్షయు దానిమ్మయు ఏటికి రెండుమార్లు కాయునని వ్రాసెను. ఆయన చూపు చాల పదునైనది. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలమున ఆకురాల్చి నిద్రపోవును. దక్కనులో దానికి నిద్ర లేదు. కత్తిరించినప్పుడెల్ల చిగుర్చును. కావున మన రైతు వేసవిలో ఒకమారు కత్తిరించి కొమ్మను సిద్ధముచేసికొని, వానలు వెనుకబట్టిన పిదప అక్టోబరు ప్రాంతమున రెండవమారు కత్తిరించి, చలికాలము గడచి ఎండలు పెరుగునప్పటికి పండు కోసికొనును. చలిదేశములలో ఋతువు చేయు పనిని ఇక్కడ కత్తెర చేయుచున్నది.

ఆ దక్కనులోనే మన పుట కలదు. హైదరాబాదునకు 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ అనువారు ఒక తెల్లద్రాక్షను తెచ్చి పెంచిరని ఉద్యానశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. దాని పేరు అనాబ్-ఎ-షాహీ, అనగా రాజద్రాక్ష. పెద్ద గుత్తులు, నిడుపైన పండ్లు, లేతపచ్చనుండి తేనెవన్నెకు తిరుగు తొక్క, లోన గింజలు, నోరు నిండు రసము. పందిరిపై ప్రాకించినచో దాని కాపు చూపరులకు విస్మయము గొల్పెడిది. ఇరువదవ శతాబ్ది నడిమి దశాబ్దములలో హైదరాబాదు చుట్టునున్న పందిళ్లనుండి ఈ జాతి కర్ణాటకమునకు, తమిళదేశమునకు, ఉత్తరమునకు పోయినది. దక్షిణదేశమున ద్రాక్ష వ్యాపారపు పంటగా నిలద్రొక్కుకొనుటకు ఈ తెల్లద్రాక్ష ఒక ముఖ్యకారణము.

మన మూడు కొలతలతో దీనిని కొలుతము. కాపు అపారము గాని తీపి మధ్యమము. ముఖకవళిక అనదగిన వాసన లేదు. బూజుతెగులుకు తేలికగా లొంగును. కావున ఇది తినుపండేగాని మేలైన వైనుపండు కాదు. తరువాత గింజలేని థాంసన్ సీడ్‌లెస్ వచ్చినది. ఇది పారశీక సీమలలో కిస్మిస్ అని, సుల్తానా అని పిలువబడు ప్రాచీన జాతియే. 1870 దశకమున కాలిఫోర్నియాలో విలియం థాంసన్ అను రైతు పెంచుటచే అతని పేరు తగిలించుకొన్నది. గింజలేని తీపిని జనము మెచ్చిరి. మహారాష్ట్ర ఆ జాతితోను, దానినుండి ఏర్పడిన తాస్-ఎ-గణేశ్ మొదలగువానితోను దేశమున ప్రథమస్థానము నందుకొనెను. హైదరాబాదు నగరము నలువైపుల పెరిగినది. పందిళ్లున్న నేలలు ఇండ్లస్థలములైనవి. రాజద్రాక్షను పేరుపెట్టి అడుగువారు తగ్గిరి.

కాని గూయే కథ ఇక్కడను పునరావృత్తమైనది. బెంగుళూరు చేరువ హేసరఘట్టలో 1967లో స్థాపింపబడిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో అనాబ్-ఎ-షాహీని తల్లిగా గైకొని, మస్కట్ వాసనగల ‘క్వీన్ ఆఫ్ ది వైన్‌యార్డ్స్’ అను హంగరీ జాతితో సంకరము చేసిరి. ఆ సంకరమున పుట్టిన జాతులలో అర్కసోమ ఒకటి. పసుపుపచ్చని పండు, మంచి తీపి, మస్కట్ పరిమళము. తెల్లని తీపి వైనునకు తగినదని దానిని విడుదల చేసిరి. తల్లికి లేని ముఖకవళిక బిడ్డకు వచ్చినది. తల్లి బ్రదికియుండుటచేతనే బిడ్డ పుట్టినది. వ్యాపారరంగమున 1988లో నందికొండల చెంత గ్రోవర్ సంస్థ వెలసినది. నాసికలో సులా సంస్థ 2000లో తన తొలి వైనులను వెలువరించినది. అవి సోవిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ జాతులతో చేసినవి. ఫ్రాన్సు నదీతీరపు కొమ్మలు గోదావరి పుట్టిన సీమలో చిగిర్చినవి.

గోదావరి పేరెత్తితిమి గనుక నూజివీడునకు మరల వత్తము. 2022 ఏప్రిలులో ఆ పట్టణము కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాకు మారినది. తోటలు మాత్రము ఉన్నచోటనే ఉన్నవి. అయితే తోటలోని పేర్లు ఉన్నట్లే ఉండునా అనునది ప్రశ్న. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది; అది దూరప్రయాణమునకు ఓర్చును, అంగడిలో కొన్ని దినములు నిలుచును. కలెక్టరుకు కర్మాగారములు కలవు. రసములకు ఈ రెండు బలములును లేవు. తొక్క పలుచన, పండు మెత్తన. లారీలో నాలుగుదినములు పోవునప్పటికి అణగిపోవును. అణగు పండును వర్తకుడు అడుగడు; అడుగని జాతిని రైతు క్రొత్తగా నాటడు. రుచిలో ఓడి కాదు, ప్రయాణములో ఓడి ఒక జాతి తోటనుండి తొలగు ప్రమాదము కలదు.

వస్సల్ తోటవంటిది మనకు లేకపోలేదు. నూజివీడులో మామిడి పరిశోధన స్థానము కలదు. రాజేంద్రనగరములో ద్రాక్ష పరిశోధన స్థానము కలదు. సంగారెడ్డి పండ్లతోటల కేంద్రము రుమానీ, నీలం మామిళ్లను కలిపి మంజీర అను జాతిని సృష్టించినది. ఆ నీలమే ఢిల్లీలో దసేరీతో కలిసి మల్లిక, ఆమ్రపాలి అను బిడ్డలను కన్నది. ఏ జాతి రేపు ఏ మేలు జాతికి తల్లి యగునో నేడు చెప్పజాలము. కాని ప్రభుత్వపు తోటలో పది చెట్లుండుట ఒక ఎత్తు. పదిఊళ్ల ఇండ్లలో దాని పేరు నాలుకపై నుండుట మరియొక ఎత్తు. చెట్టును శాస్త్రజ్ఞుడు కాపాడగలడు. పేరును కాపాడవలసినవారు తినువారే.

కావున శ్రోతలకు నా విన్నపము చిన్నది. ఈసారి అంగడిలో తెల్లద్రాక్ష కొనునప్పుడు, ఇది ఏ జాతి యని ఒకమాట అడుగుడు. గింజ కలదా, తొక్క పలుచనా, పులుపెంత, వాసన యెట్టిది అని పిల్లలచేత చెప్పించుడు. అంగడివానికి తెలియకపోవచ్చును, రెండవమారు అడిగినచో తెలిసికొనివచ్చును. వేసవిలో గంప దిగినపుడు, అందు చిన్నరసమును, పెద్దరసమును వేరువేరుగా చేతికిచ్చి, పేర్లు పిల్లలనోట పలికించుడు. పాణిని తన వ్యాకరణములో ఒక ఊరి ద్రాక్షకు చోటిచ్చెను. జర్మను గుమాస్తా తన లెక్కలలో ఒక తీగకు చోటిచ్చెను. మన ఇంటి మాటలలో మన ఊరిపండునకు చోటిచ్చుట అంతకంటె కష్టమైన పని కాదు.